వేడెక్కితే ఆగిపోయే ఫ్యాన్

మీ బల్లల మీది కంప్యూటర్లు కాస్త వేడెక్కగానే వాటంతటవే బుర్రుమని ఫ్యాన్ వేగం పెంచుకుంటాయి. మీరు తల కూడా ఎత్తరు. నేను మాత్రం ఆ చప్పుడు విన్నప్పుడల్లా చెయ్యి చాపి వెనకాల గాలి వస్తోందో లేదో చూసుకుంటాను. మా ఇంట్లో వాళ్లు దీన్ని ముసలితనపు చాదస్తం కింద జమకట్టేశారు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎవరైనా "మీ రోజుల్లో పెద్ద పెద్ద పనులు చేశారట కదా సార్" అని అడిగితే ఈ సంగతే చెబుతుంటాను. చల్లగా ఉన్నంతసేపూ హాయిగా తిరిగి, వేడెక్కగానే ఆగిపోయే ఫ్యాన్‌ను ఈ దేశంలో బహుశా నేనే మొదట తయారు చేశాను. వినండి.

ఎనభైల చివర్లో మాట. బొంబాయిలో ఒక చిన్న కంపెనీ సొంతంగా కంప్యూటర్లు తయారు చేసేది. ఒక్కో యంత్రం ఓ మోస్తరు ఫ్రిజ్ అంత ఉండేది. లోపల యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం నడిచేది. నేను అందులో ప్రొబేషన్ మీద ఉన్న ప్రోగ్రామర్‌ని. కంప్యూటరు లోపల అన్నిటికీ పెత్తనం చేసే మూల ప్రోగ్రాంను కెర్నెల్ అంటారని మీకు తెలుసు. ఆ కెర్నెల్‌కు బయట ఉన్న సామాను భాష రాదు. మధ్యలో ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీయే డ్రైవర్. నాకు అప్పగించిన దుబాసీ పని ఇది: క్యాబినెట్ లోపల వేడిని కొలిచే చిన్న పూస ఒకటి ఉంటుంది, అది చెప్పే అంకెను చదవాలి, ఆ అంకెను బట్టి ఫ్యాన్‌ను వేగంగానో నెమ్మదిగానో తిప్పాలి, అక్కర్లేనప్పుడు ఆపాలి. కంపెనీలో అంతవరకూ ఎవరూ చేయని పని కాబట్టి నాకు కొమ్ములు మొలిచాయి.

ఆ కొమ్ముల గురించి ఇంకో మాట చెప్పాలి. మా ఇల్లు కామాటిపుర. కామాటీలంటే పాలమూరు నుంచి వచ్చి రాళ్లు మోసి, సున్నం కలిపి ఈ ఊరి మేడలు కట్టిన మా తాతలు. వాళ్ల పేరు మీదే ఆ పేట వెలిసింది. కానీ ఆ పేరు ఎత్తితే బొంబాయిలో ఎవరికీ తాతలు గుర్తురారు, ఫోరస్ రోడ్ వైపు ఒళ్లమ్ముకునే ఆడవాళ్ల కిటికీలే గుర్తొస్తాయి. అందుకని మా గల్లీలో నాలుగక్షరాలు చదువుకున్న ప్రతివాడికీ రెండు చిరునామాలు ఉండేవి. ఉత్తరాలకు ఒకటి, మర్యాదకు ఒకటి. నా మర్యాద చిరునామా బొంబాయి సెంట్రల్. అక్కడితో ఆగినా బాగుండేది. మీది ఏ ఊరని ఆఫీసులో అడిగితే షోలాపూర్ తరఫు అనీ, పేరుకు తెలుగువాళ్లమే గాని ఇంట్లో మరాఠీయే మాట్లాడతామనీ చెప్పుకున్నాను. ఇంట్లో మా అమ్మకు మరాఠీలో కూరగాయలు బేరమాడటం తప్ప ఇంకేమీ రాదు.

ఆఫీసులో మా పైఅధికారి, మేం సాహెబ్ అని పిలిచే ఆయన, మంచివాడు. సాయంత్రాలు తన కారులో నన్ను బొంబాయి సెంట్రల్ దాకా తీసుకొచ్చేవాడు. అక్కడ కాస్త పెద్ద భవనం ఒకటి చూసి పెట్టుకున్నాను. దాని గేటు ముందు దిగి, చెయ్యి ఊపి, లోపలికి నడిచేవాణ్ణి. వాచ్‌మన్‌ను టైమెంతని అడిగేవాణ్ణి. కారు మలుపు తిరిగాక బయటికి వచ్చి, నడుచుకుంటూ మా గల్లీకి చేరేవాణ్ణి. ఏడాది పాటు రోజూ నాకు టైము చెప్పిన ఆ వాచ్‌మన్ నా గురించి ఏమనుకున్నాడో నేనెప్పుడూ అడగలేదు.

ఇక డ్రైవర్ సంగతి. ఆ వేడి పూసను బోర్డు మీద పెట్టిన హార్డ్‌వేర్ పెద్దాయన ఒకాయన ఉండేవాడు. మాట తక్కువ, పెన్సిల్ ఎక్కువ. గ్రాఫ్ కాగితం మీద తన చేత్తో గీత గీసి ఇచ్చాడు, ఎంత వేడికి ఏ అంకె వస్తుందో. ఇచ్చి, "చూశావా?" అన్నాడు. చూశానన్నాను. రెండు రోజులాగి మళ్లీ "చూశావా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. జ్వరం వస్తే థర్మామీటరు పైకి పోతుందని పుట్టిన పిల్లవాడికి కూడా తెలుసు, దానికి గీతలెందుకు? వేడి పెరిగితే అంకె పెరుగుతుంది. అంతే కదా. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టీ గ్లాసు కింద పెట్టుకున్నాను.

ఆ పూస గుణం వేరు. అది వేడెక్కితే అంకె తగ్గుతుంది. గీత ఎడమ నుంచి కుడికి జారుబండలా కిందికి దిగి ఉంది. మడత విప్పి ఉంటే తెలిసేది.

పరీక్ష చేయలేదా అని మీరు అడుగుతారు. చేశాను, నిక్షేపంగా చేశాను. మా ల్యాబ్‌లో ఏసీ చలికి మేం స్వెటర్లు వేసుకుని పనిచేసేవాళ్లం. గోడ మీద థర్మామీటరు ఇరవై డిగ్రీలు చూపిస్తుంటే, పూస చెప్పిన అంకెను ఇరవైకి కట్టాను. అక్కణ్ణుంచి పైకీ కిందికీ నా బుర్రలోంచి లెక్క వేసుకున్నాను. పద్దెనిమిది దాటితే పూర్తి వేగం అని రాసుకున్నాను కాబట్టి, ఆ చలిలోనూ ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతూనే ఉండేది. వచ్చినవాళ్లంతా వెనకాల అరచెయ్యి పెట్టి గాలి చూసి మెచ్చుకునేవారు. ఒకరోజు సాహెబ్, "వేడిలో చూశావా?" అన్నాడు. సోల్డరింగ్ కాడను పూస దగ్గరికి తీసుకెళ్లాను. తెర మీద అంకె మారింది. "చూశారా, మారుతోంది!" అన్నాను. సాహెబ్ శభాష్ అన్నాడు. మారిందన్నదే చూశాం ఇద్దరం, ఎటు మారిందో చూడలేదు.

మొదటి యంత్రం వర్లిలో ఒక మందుల గోడౌను ఆఫీసుకు వెళ్లింది. అక్కడి సరుకు లెక్కలన్నీ దాని మీదే. పెట్టిన వారానికే ఫోన్ వచ్చింది. రోజూ మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్లిన సమయంలో యంత్రం ఆగిపోతోందట. తిరిగొచ్చి కాసేపాగి స్విచ్ వేస్తే మళ్లీ మామూలుగానే నడుస్తోందట. సాహెబ్ నన్ను పంపించాడు. మే నెల. బస్సు దిగేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

ఆ గోడౌను మేనేజరు మహా శుభ్రమైన మనిషి. కరెంటు విషయంలో ఇంకా శుభ్రం. ఒంటిగంట కాగానే తనే స్వయంగా కంప్యూటరు గదిలో ఏసీ ఆపి, తలుపు దగ్గరగా వేసి భోజనానికి పోతాడు. మనుషులు లేని గదికి చల్లదనం ఎందుకని ఆయన వాదన. నాకది తప్పుగా తోచలేదు, నా ఫ్యాన్ ఉండగా భయమేమిటి? ఆ ఖాళీ సమయంలోనే ఊడ్చి తుడిచే ఆమె లోపలికి వచ్చి గది తుడిచి పోతుంది.

ఆమె బకెట్ పట్టుకుని గుమ్మంలో కనబడగానే గుర్తుపట్టాను. మా గల్లీ మనిషి. మా గదికి నాలుగు గదుల అవతల ఉంటుంది. నేను చిన్నప్పటి నుంచీ అత్తా అని పిలిచే మనిషి. ఆమె భర్త మా నాన్న దగ్గరే మేస్త్రి పనిలో ఉండేవాడు. పరాంచి మీంచి పడి నడుము దెబ్బతిని మంచం పట్టాడు. అప్పటి నుంచి ఇల్లు ఆమె మీదే నడుస్తోంది. నన్ను చూడగానే ఆమె ముఖం ఇంతయింది.

"బిడ్డా, నువ్వు గిక్కడికొస్తివా? గీ డబ్బ సంగతి నీకే చెప్పాలె. దీని ఎన్క పంక లేదూ..."

మేనేజరు నా పక్కనే ఉన్నాడు. నేను ఏ మాత్రం తడుముకోకుండా, "క్యా బోల్ రహీ హో బాయీ? సమఝా నహీ" అన్నాను, ఆమె భాష నాకు అర్థం కానట్టు.

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాత కళ్లు దించుకుని, "కుచ్ నహీ సాబ్" అని బకెట్ తీసుకుని మూలకు వెళ్లిపోయింది. నన్ను సాబ్ అంది. నాకు సిగ్గేసిందని చెబితే బాగుంటుంది గాని, ఆ నిమిషంలో నాకు కలిగింది గండం గడిచిందన్న నిశ్చింతే.

నా డ్రైవర్ పావుగంటకోసారి వేడి ఎంత ఉందో కాగితం మీద అచ్చు వేసేది. ఆ కాగితాలన్నీ పరిచి మేనేజరుకు చూపించాను. పొద్దున పంతొమ్మిది డిగ్రీలు. ఒంటిగంట దాటాక పదహారు, పద్నాలుగు, పదకొండు. అక్కడ యంత్రం ఆగిపోయింది. మే నెల మిట్టమధ్యాహ్నం, ఏసీ ఆపేసిన వర్లి గదిలో పదకొండు డిగ్రీలు! మహాబలేశ్వర్ కొండ మీద కూడా ఉండదు. చదువుకున్నవాళ్లం ఇద్దరం ఆ కాగితాన్ని చూశాం, ఇద్దరికీ అనుమానం రాలేదు. కంప్యూటరు అచ్చు వేసిన కాగితానికి ఆ రోజుల్లో అంత గౌరవం ఉండేది. పైగా నా ఫ్యాన్ పనితనానికి నేనే మురిసిపోయాను.

"వేడి సమస్య కాదండీ" అన్నాను మేనేజరుతో హిందీలో. "చల్లగా ఉన్నప్పుడు యంత్రం దానంతటది ఆగదు. ఎవరో కరెంటు తీస్తున్నారు."

"ఆ సమయంలో గదిలో ఉండేది తుడిచే బాయి ఒక్కతే" అన్నాడాయన.

నేను ఔననలేదు, కాదనలేదు. సర్వీస్ రిపోర్టులో మాత్రం చక్కటి ఇంగ్లీషులో రాశాను, గది శుభ్రం చేసేటప్పుడు ప్లగ్ కదులుతున్నట్లు కనబడుతోందని. కింద సంతకం పెట్టి, గీత కూడా గీశాను. ఆ గీతను ఇప్పటికీ మర్చిపోలేను.

అసలు జరుగుతున్నదేమిటో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఏసీ ఆగగానే క్యాబినెట్ వేడెక్కుతోంది. పూస అంకె తగ్గుతోంది. నా డ్రైవర్ దాన్ని చలి అనుకుని, పాపం ఇంత చలిలో ఫ్యాన్ ఎందుకని ఆపేస్తోంది. అప్పుడు ఒళ్లు మండి, కరెంటు పెట్టెలో ఉన్న రక్షణ స్విచ్ తనంతట తనే కరెంటు తెంచేస్తోంది. దానికి నా ప్రోగ్రాంతో సంబంధం లేదు కాబట్టి అదొక్కటే సరిగా పనిచేస్తోంది.

శుక్రవారం తెల్లవారుతూనే మా చాల్‌లో, అంటే మా ఒంటిగది ఇళ్ల భవనంలో, నల్లా దగ్గర వరుస. మా అమ్మకు మోకాళ్ల నొప్పి, హండా మోయడం నా వంతు. ఇంజినీరునైనా నల్లా వరుసలో మినహాయింపు లేదు. అత్త నాకంటే ముందుంది. నన్ను చూసి, తన వంతు వదులుకుని వెనక్కి వచ్చి నా పక్కన నిలబడింది. మా గల్లీలో నల్లా వంతు వదులుకునేవాళ్లు ఉండరు.

"బిడ్డా, నీ కడుపు సల్లగుండ, ఒక్క మాట ఇను. రేపు శనారం పెద్ద సాబులు కూసుంటరంట, నన్ను పనికెల్లి తీసేస్తరంట. నేను ప్లగ్గు పీకుతున్ననంట. ఆ వైరు ముట్టాలంటెనే నాకు భయం, నేనెందుకు పీకుత?"

నేను హండా వంక చూస్తూ ఊఁ అన్నాను.

"దాని ఎన్క పంక గాలొస్తది గదా, అండ్ల నేను తుడిసే పోచా గుడ్డ ఆరేస్త రోజు. ఏసీ నడిచినంత సేపు గాలి మస్తుగొస్తది. సాబ్ ఏసీ బందు జేసి పోతడా, జరసేపటికి గాలి తక్కువైతది. మల్ల మొత్తానికే బందైతది. గుడ్డ పచ్చిగనే ఉంటది. డబ్బ మీద చెయ్యి పెడితె సుర్రుమంటది. గప్పుడు టప్‌మని బత్తీలన్ని ఆరిపోతయి. గిదే ఆ దినం నీకు చెప్పవస్తి. మనిషికి ఉడుకైతె గాలి ఇసురుకుంటరు గని, ఇదేంది బిడ్డా, ఉడుకైతె ఇసుర్కునుడు బందు చేస్తది?"

ఆమె ఆ చివరి మాట అంటుండగానే నాకు కళ్ల ముందు నాలుగు మడతల కాగితం కనబడింది, దాని మీద గుండ్రటి టీ మరక కూడా. ఆ గీత ఎటు వాలిందో నేను ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. తల కొట్టేసినట్టయింది.

"మల్ల నాకా మీద నిలబడాల్నా బిడ్డా ఈ వయసుల?" అంది అత్త. నాకా అంటే రోజు కూలీలు పొద్దున్నే పని కోసం నిలబడే వీధి మలుపు. మేస్త్రీలు వచ్చి చేతులు చూసి, వయసు చూసి పట్టుకుపోతారు. ఆమెకు నెల జీతం పని దొరకడానికి ఎన్నేళ్లు పట్టిందో మా గల్లీలో అందరికీ తెలుసు.

గది గుమ్మంలో కూర్చుని అంతా వింటున్న మా అమ్మ నన్ను ఒకటే అడిగింది. "ప్లగ్గు పీకిందని రాసినోడు ఎవడ్రా?" నేను హండాను ముందుకు జరిపాను. అమ్మకు జవాబు అందింది. "పనోళ్ల మీద రాసేటందుకా నిన్ను చదివిచ్చింది?" అని ముఖం తిప్పుకుంది. ఆ రోజు నా డబ్బాలో అన్నం కట్టలేదు.

ఆఫీసుకు వెళ్లి కాగితం మడత విప్పాను. గీత నిజంగానే కిందికి వాలి ఉంది. ప్రోగ్రాంలో సరిచేయాల్సింది ఒక పట్టికా, ఒక పోలిక గుర్తూ. పెద్దది అన్నచోట చిన్నది అనాలి, అంతే. పది నిమిషాల పని. ఇక్కడ నా ఘనత చెప్పాలి. ఆ పది నిమిషాల్లోనే నేను పూర్తి పథకం వేసుకున్నాను. కొత్త వెర్షన్ అని చెప్పి గప్‌చుప్‌గా మార్చేద్దాం. ఈసారికి బాయిని క్షమించండి, పాపం ముసలిది అని నేనే దయగా సిఫార్సు చేద్దాం. యంత్రం ఇక ఆగదు, ఆమె పనీ పోదు, నా ప్రొబేషనూ గట్టెక్కుతుంది. చెయ్యని తప్పుకు ఆమెను నేను క్షమిస్తానన్నమాట! అలాంటి బుద్ధి పుట్టిందని చెప్పడానికి ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు మొహమాటంగానే ఉంది.

శనివారం సాహెబ్ కూడా వచ్చాడు. వర్లి గోడౌనులో మేనేజరు గది. నా సంచిలో సరిచేసిన ప్రోగ్రాం ఎక్కించిన కొత్త టేపు సిద్ధంగా ఉంది. అత్తను పిలిపించారు. చీర కొంగు నిండుగా కప్పుకుని, తలుపు పక్కన నిలబడింది. నా వైపు చూడలేదు.

"ప్లగ్ తీశావా?" అన్నాడు మేనేజరు హిందీలో.

"నహీ సాబ్."

"యంత్రమే రాసి ఇచ్చింది చూడు, చల్లగా ఉండగా ఆగిపోయిందని. అది అబద్ధం చెబుతుందా?"

యంత్రం అబద్ధం చెబుతుందనడానికి ఆమెకు ఏ అధికారం ఉంది?

"ఎక్కడుంటావు నువ్వు?"

"కామాటిపుర, సాబ్."

మేనేజరు సాహెబ్ వైపు తిరిగి, పెదవి విరిచి, చెయ్యి తిప్పాడు. అక్కడివాళ్లతో ఇంతే అన్నట్టు. పాపం సాహెబ్ కిటికీ వైపు చూశాడు. ఆ చెయ్యి తిప్పడం నాకు బాగా తెలుసు. ఏడాదిగా ఆ చెయ్యికి భయపడే నేను ఎవరిదో గేటులో టైము అడుగుతున్నాను. అత్త మాత్రం ఆ పేరును దాచకుండా, తడబడకుండా, అడిగిన వెంటనే చెప్పేసింది.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో లేచాక గాని తెలియలేదు. తెలుగులో అన్నాను.

"అత్తా, పంక సంగతి చెప్పు. నల్లా కాడ నాకు చెప్పినవు గదా, గట్లనే చెప్పు."

గదిలో అందరూ నా వంక చూశారు. అత్త కూడా. ఆమె చెప్పింది, నేను ఒక్కో ముక్కా హిందీలో వాళ్లకు చెప్పాను. గుడ్డ ఆరేయడం, ఏసీ ఆగడం, గాలి తగ్గడం, డబ్బా కాలడం, టప్‌మనడం. చివర్లో నా సొంత మాట కలిపాను. పొరపాటు నాది, నా ప్రోగ్రాం వేడిని చలి అనుకుంటోంది, ఈమె ప్లగ్ ముట్టుకోలేదు, ఆ రిపోర్టు తప్పు, రాసింది నేనే.

మేనేజరు నమ్మలేదు. సహజమే. నా కాగితాల మీద ఆయనకు అంత నమ్మకం కలిగించింది నేనే కదా. "అయితే ఇప్పుడే చూద్దాం" అన్నాడు సాహెబ్. అందరం కంప్యూటరు గదిలోకి వెళ్లాం. ఏసీ ఆపారు. అందరికీ చెమటలు కారుతున్నాయి. అత్త తన పోచా గుడ్డను తడిపి తెచ్చి, అలవాటుగా వెనక జాలీ మీద వేసింది. గుడ్డ రెపరెపలాడింది. కాసేపటికి రెపరెప నెమ్మదించింది. ఇంకాసేపటికి గుడ్డ వేలాడిపోయింది. ఇటు కాగితం మీద పద్నాలుగు, పన్నెండు అని అచ్చవుతోంది. మేనేజరు ముందుకొచ్చి క్యాబినెట్ మీద చెయ్యి పెట్టి, అబ్బా అని లాక్కున్నాడు. ఆ వెంటనే టప్‌మంది. దీపాలన్నీ ఆరిపోయాయి.

సాహెబ్ గట్టిగా నవ్వేశాడు. ఆ నవ్వు నన్ను బతికించిందో చంపిందో నాకిప్పటికీ తెలియదు.

మేనేజరు మాత్రం తన పెద్దరికం కాపాడుకోవాలి కదా. అత్త మీద విసుక్కున్నాడు. "ఇంత తెలిసినదానివి, ఈయన మొదట వచ్చినరోజే ఎందుకు చెప్పలేదు?"

అత్త నా వైపు చూసింది. ఆమె ఒక్కమాట అంటే చాలు, నేను నిలబడ్డచోటే కూలిపోతాను. "భూల్ గయీ సాబ్" అంది. మర్చిపోయానంది! నా మర్యాద కోసం మతిమరుపును తన నెత్తిన వేసుకుంది. ఏ రిపోర్టుతో ఆమె అన్నం తీసేయబోయానో, ఆ రిపోర్టు ఇంకా బల్ల మీదే ఉంది.

"మర్చిపోలేదండీ" అన్నాను. "ఆ రోజే చెప్పబోయింది. తెలుగు రానట్టు నటించి నేనే వినలేదు. మాదీ ఆ గల్లీయే. ఈమెది మా పక్కన నాలుగో గది."

కొత్త టేపు ఎక్కించాను. ఏసీ లేకుండానే సాయంత్రం దాకా యంత్రం నడిచింది, ఫ్యాన్ గోల పెడుతూ. మేనేజరు నా రిపోర్టును నా చేతనే చింపించి, కొత్తది రాయించుకున్నాడు. అత్తను ఏమీ అనలేదు, క్షమించమనీ అడగలేదు. సోమవారం రమ్మన్నాడు, అంతే. ఆమెకు కావలసిందీ అంతే.

తిరుగు ప్రయాణంలో సాహెబ్ కారు నడుపుతూ, బొంబాయి సెంట్రల్ దగ్గర పడుతుండగా, "ఇవాళ ఎక్కడ దింపమంటావు?" అన్నాడు.

"మా గల్లీ చివర సార్. కామాటిపుర."

"మంచిది. ఆ బిల్డింగ్‌లో మా బావమరిది ఉంటాడు. వాళ్ల వాచ్‌మన్ నీ గురించి ఎప్పటినుంచో కంగారు పడుతున్నాడు, ఎవరో కుర్రాడు రోజూ వచ్చి టైము అడిగి పోతున్నాడని. నీకు గడియారం కొనిపెట్టమని మా బావమరిది నాతో రెండుసార్లు అన్నాడు."

నా చేతికి గడియారం ఉంది. కారులో అది నా వంకే చూస్తున్నట్టు అనిపించి, చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను.

నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. న్యాయమే. హార్డ్‌వేర్ పెద్దాయన తన గ్రాఫ్ కాగితాన్ని టీ మరకతో సహా నా బల్ల ముందు గోడకు అతికించి, "చూశావా?" అన్నాడు. ఆరు నెలలూ చూశాను. పొడిగింపు ఉత్తరం కోసం చిరునామా మళ్లీ రాసిమ్మంటే, పాతది కొట్టేసి గల్లీ నంబరూ, చాల్ పేరూ రాసిచ్చాను. ఆఫీసు నుంచి మా ఇంటికి వచ్చిన మొదటి ఉత్తరం అదే. మంచి వార్త కాకపోయినా, మా అమ్మ దాన్ని దేవుడి పటం వెనక దాచింది.

వర్లి నుంచి వచ్చిన మర్నాడు, ఆదివారం పొద్దున, నల్లా దగ్గర మళ్లీ వరుస. అత్త ముందు, నేను వెనక, మధ్యలో పదిమంది. ఆమె తన హండా నింపుకుని, గట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగి వరుసంతటికీ వినబడేలా అడిగింది.

"ఏం బిడ్డా, ఇయ్యాల తెలుగొస్తదా, లేకుంటె హిందీల చెప్పాల్నా?"

వరుసలో అందరూ నవ్వారు. అప్పటికే గల్లీ అంతటికీ కథ తెలిసిపోయింది. నా చెవులు మండాయి.

"వస్తది అత్తా" అన్నాను.

"అయితె రా. ఈ హండా జర ఇంట్ల పెట్టు. నా నడుము గూడ ఉడుకైంది, జరసేపు ఆగుత నేను."

నా వంతు పోయింది. ఆమె హండా ఎత్తుకుని, నీళ్లు తొణకకుండా, నాలుగు గదుల అవతలికి నడిచాను.